మ్యాక్‌లో ఓఎస్ ఉచితం, విండోస్ ల్యాప్‌టాప్‌లో ధర కనబడదు, డాస్ ల్యాప్‌టాప్ చౌక: అసలు లెక్క ఎక్కడుంది?

మీరు అడిగింది ఇది: ఆఫీసుకు 12 కంప్యూటర్లు కొనాలి, మూడు కొటేషన్లు వచ్చాయి. మ్యాక్ కొటేషన్‌లో "ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితం" అని ఉంది. విండోస్ ల్యాప్‌టాప్ కొటేషన్‌లో ఓఎస్‌కి విడిగా ధరే లేదు. మూడోది అదే కంపెనీ ల్యాప్‌టాప్, "డాస్"తో (అంటే విండోస్ లేకుండా, పేరుకి ఒక పాతకాలపు ఓఎస్‌తో), కొన్ని వేలు తక్కువ. తయారీదారు ఓఎస్‌కి ఎంత వేసుకుంటున్నాడు, ఏ లెక్కన వేసుకుంటున్నాడు, ఇందులో మీరు ఏం చూసుకోవాలి?

సూటిగా చెప్తాను. ఓఎస్ రాయడానికి అయిన ఖర్చును బట్టి దాని ధర ఉండదు. అది పరాయి కంపెనీ యంత్రం మీద నడుస్తుందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. సొంత యంత్రం మీద తప్ప నడవనప్పుడు ఓఎస్ కొసరు: యంత్రం ధరలోనే కలిసిపోయి "ఉచితం" అనిపించుకుంటుంది. ఎవరి యంత్రం మీదైనా నడిచేటప్పుడు ఓఎస్సే అసలు సరుకు: దానికి విడిగా ధర పుడుతుంది, అది కూడా చాలావరకు యంత్రం సైజును బట్టి పెరుగుతుంది. మీ కొటేషన్లలో మొదటిది కొసరు పద్ధతి, రెండోది అసలు పద్ధతి. మూడోదాంట్లో ఓఎస్ లెక్కను మీ నెత్తిన పెట్టారు.

ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే అరవై ఏళ్ల చరిత్ర మొత్తం అర్థమవుతుంది. ముందు ఆపిల్ సంగతి.

మ్యాక్ ఓఎస్ అన్ని కాలాల్లోనూ ఉచితంగా లేదు. తొలి రోజుల్లో ఫ్లాపీల మీద చేతులు మారేది, ఎవరూ డబ్బు అడిగేవాళ్లు కాదు. 1992లో వచ్చిన సిస్టమ్ 7.1తో కొనుక్కోవడం మొదలైంది. 2001 మార్చిలో మ్యాక్ ఓఎస్ టెన్ మొదటి వెర్షన్ 129 డాలర్లు. 10.1 మాత్రం ఉచితంగా ఇచ్చారు, ఎందుకంటే 10.0 బాగా నెమ్మదిగా, అసంపూర్తిగా ఉండేది. తర్వాత జాగ్వార్, పాంథర్, టైగర్, 2007 అక్టోబర్‌లో లెపర్డ్, అన్నీ 129 డాలర్లే. 2009 ఆగస్టులో స్నో లెపర్డ్ ఒక్కసారిగా 29కి దిగింది. 2011లో లయన్ 29.99, 2012లో మౌంటెన్ లయన్ 19.99, 2013 అక్టోబర్ 22న మావెరిక్స్ సున్నా. సర్వర్ ఓఎస్‌లో పతనం ఇంకా నిటారుగా ఉంటుంది: లెపర్డ్ సర్వర్ పది మంది క్లయింట్లకు 499 డాలర్లు, పరిమితి లేకుండా 999. లయన్‌కి వచ్చేసరికి అదే పని చేసే సర్వర్ యాప్ 49.99.

దీనర్థం ఆపిల్ ఇంజనీర్ల జీతాలు పన్నెండేళ్లలో సున్నా అయ్యాయని కాదు కదా. 129 డాలర్ల డబ్బాలు అమ్మే రోజుల్లో కూడా కంపెనీ అసలు ఆదాయం యంత్రాల మీదే వచ్చేది. పాత ఓఎస్‌లో ఉండిపోయినవాళ్లు ఎక్కువైతే డెవలపర్లు పాత వెర్షన్లకీ యాప్‌లు రాయాల్సి వస్తుంది, కొత్త సర్వీసులు అందరికీ చేరవు. ఆ నష్టం ముందు 129 డాలర్లు చిన్నది. అందుకే ధర తీసేశారు.

"ఉచితం" అన్నదానికి ఆపిల్ లెక్కల పుస్తకాల్లో ఒక అంకె ఉంటుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. మొదటి ఐఫోన్ అమ్మకాన్ని ఆపిల్ 24 నెలలకు విడగొట్టి ఆదాయంగా చూపేది, ఎందుకంటే కొన్నవాళ్లకు తర్వాత కొత్త ఫీచర్లు ఉచితంగా ఇస్తామన్న మాట అందులో ఇమిడి ఉంది. ఐపాడ్ టచ్ అమ్మకాన్ని మాత్రం అమ్మిన రోజే పూర్తిగా చూపేది. అప్పటి అమెరికా అకౌంటింగ్ నిబంధనల ప్రకారం, ఆదాయం మొత్తం చూపేశాక ముందు చెప్పని పెద్ద ఫీచర్‌ని ఊరికే ఇస్తే చిక్కు. ఫలితం: ఒకే ఓఎస్ అప్‌డేట్ ఐఫోన్‌కి ఉచితం, ఐపాడ్ టచ్‌కి 9.95 డాలర్లు. 2007 జనవరిలో మ్యాక్‌ల లోపల అప్పటికే ఉన్న కొత్త రకం వైఫై చిప్‌ని మేల్కొలిపే చిన్న సాఫ్ట్‌వేర్‌కి 1.99 డాలర్లు తీసుకున్నదీ ఇందుకే. 2009 సెప్టెంబర్‌లో అకౌంటింగ్ నిబంధన మారింది. ఆపిల్ పాత లెక్కలు తిరగరాసి, ప్రతి ఐఫోన్ ధరలో 25 డాలర్లను మాత్రం "భవిష్యత్తులో ఇవ్వబోయే సాఫ్ట్‌వేర్" కింద పక్కన పెట్టి, మిగతాది అమ్మిన రోజే చూపడం మొదలుపెట్టింది. 2010లో ఐఫోన్ ఓఎస్ నాలుగో వెర్షన్ ఐపాడ్ టచ్‌కి కూడా ఉచితమైంది. సాఫ్ట్‌వేర్ అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. లెక్క రాసే పద్ధతి మారేసరికి ధర మాయమైంది.

కాబట్టి మీ కొటేషన్‌లోని "ఉచితం" అన్న మాటను "ధరలో కలిసి ఉంది, విడిగా రాయలేదు" అని చదువుకోండి. ఎక్కడ కలిసి ఉందంటే, నా అంచనాలో ఎక్కువ భాగం మెమరీ, స్టోరేజీ మెట్లలో. మ్యాక్‌బుక్‌లో ఒక మెట్టు ర్యామ్ పెంచితే 200 డాలర్లు, మన దగ్గర రూ.20,000. బజారులో అంత ర్యామ్‌కి అంత ధర ఉండదు. బయట కొని వేసుకునే వీలు లేదు, ఆ ఓఎస్ నడిపే వేరే కంపెనీ యంత్రమూ లేదు. పోటీ లేని చోటే లాభం కూర్చుంటుంది.

పోటీ వస్తే ఏమవుతుందో కూడా ఆపిల్ చరిత్రలోనే ఉంది. 1995 నుంచి మ్యాక్ ఓఎస్‌ని పవర్ కంప్యూటింగ్, యుమాక్స్, మోటరోలా వంటి కంపెనీలకు లైసెన్స్ ఇచ్చింది. వాళ్లు మార్కెట్‌ని పెంచుతారనుకుంటే, ఆపిల్ ఖరీదైన యంత్రాలు కొనే గిరాకీనే లాక్కున్నారు. ఒక్కో క్లోన్ (ఆ కంపెనీలు తయారు చేసిన మ్యాక్ లాంటి యంత్రం) మీద వచ్చే లైసెన్స్ రుసుము, పోయిన ఒక్కో మ్యాక్ అమ్మకం మీది లాభానికి ఏ మూలకూ సరిపోలేదు. 1997లో స్టీవ్ జాబ్స్ తిరిగొచ్చాక దాన్ని ఆపేశారు. ఆపిన తీరు చూడండి: క్లోన్ కంపెనీల ఒప్పందాలు సిస్టమ్ 7 వరకే. 7.7గా రావాల్సిన వెర్షన్‌కి మ్యాక్ ఓఎస్ 8 అని పేరు పెట్టారు. పవర్ కంప్యూటింగ్ మ్యాక్ వ్యాపారాన్ని 10 కోట్ల డాలర్ల షేర్లిచ్చి కొనేశారు.

దీనికి తిరగేసిన ఉదాహరణ నెక్స్ట్. జాబ్స్ ఆపిల్ బయట ఉన్నప్పుడు పెట్టిన కంపెనీ ఇది. సొంత యంత్రాలు తయారు చేసినంతకాలం నెక్స్ట్‌స్టెప్ ఓఎస్ యంత్రంతో వచ్చేది. 1993 ఫిబ్రవరిలో హార్డ్‌వేర్ వదిలేసి, అదే ఏడు ఇంటెల్ పీసీలకు ఆ ఓఎస్‌ని అమ్మడం మొదలుపెట్టారు. ధర 795 డాలర్లు, డెవలపర్ కిట్ 1,995. ఆ నెక్స్ట్‌స్టెప్ వారసత్వమే మ్యాక్ ఓఎస్ టెన్. యంత్రం అండ లేనప్పుడు 795, యంత్రం అండ దొరికాక 129, ఆఖరికి సున్నా. ఒకే వంశంలోని కోడ్‌కి మూడు ధరలు.

ఇప్పుడు ఐబీఎం. ఈ విద్య పుట్టిల్లు అదే.

1960లలో ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల వంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) అద్దెకు తీసుకుంటే ఓఎస్, కంపైలర్లు, శిక్షణ, ఇంజనీర్ల సాయం అన్నీ అద్దెలోనే. 1969 జనవరిలో అమెరికా న్యాయశాఖ గుత్తాధిపత్యం కేసు వేసింది. అదే ఏడు జూన్ 23న ఐబీఎం సాఫ్ట్‌వేర్‌నీ సర్వీసుల్నీ యంత్రం ధర నుంచి విడదీస్తున్నట్టు ప్రకటించింది. అవన్నీ విడదీసినందుకు యంత్రాల ధర తగ్గించింది 3 శాతం. గమనించాల్సింది ఇది: కంపైలర్లకీ అప్లికేషన్లకీ ధర పెట్టారు గానీ, ఓఎస్ గుండెకాయను మాత్రం ఉచితంగానే ఉంచారు. దాన్ని నడిపేది ఐబీఎం యంత్రాలే కాబట్టి నష్టం లేదు.

1975లో ఆమ్‌డాల్ కంపెనీ తన 470 యంత్రాన్ని దించింది. ఐబీఎం ఓఎస్ దాని మీద మార్పు లేకుండా నడిచేది. అంటే ఐబీఎం ఉచితంగా ఇచ్చే ఓఎస్‌తో పోటీదారు యంత్రం అమ్ముకుంటున్నాడు. ఆ తర్వాత ఓఎస్‌లో కొత్తగా చేర్చే పనితీరు మెరుగుదలలను ఐబీఎం నెలవారీ రుసుము ఉన్న ఉత్పత్తులుగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ నెలవారీ రుసుమే ప్రధానం.

హైదరాబాద్‌లో బ్యాంకింగ్ మెయిన్‌ఫ్రేమ్‌ల మీద పనిచేసే మనవాళ్లు చాలామంది ఈ లెక్కతో రోజూ బతుకుతారు. యంత్రం శక్తిని ఎంఎస్‌యూలు అనే ఐబీఎం కొలమానంలో కొలుస్తారు. ప్రతి గంటా, గత నాలుగు గంటల సగటు వాడకం లెక్కిస్తారు. నెల మొత్తంలో ఆ సగటు ఎక్కడ ఎక్కువగా తేలితే దాని మీదే ఆ నెల బిల్లు. లెక్క 2వ తేదీ నుంచి వచ్చే నెల 1 వరకు, రిపోర్టు 9వ తేదీలోపు పంపాలి. నెలాఖరు రాత్రి జీతాల బ్యాచ్, వడ్డీ బ్యాచ్ ఒకే నాలుగు గంటల్లో పడితే, ఆ ఒక్క రాత్రి నెలంతటి ధరను నిర్ణయిస్తుంది. బ్యాచ్ జాబుల్ని సర్ది, పీక్‌ని కోసెయ్యడం అందుకే ఒక ఉద్యోగం అయింది. 2019 నుంచి వాడకం మొత్తం మీద లెక్కగట్టే ఇంకో పద్ధతి కూడా ఇచ్చారు.

అక్కడే ఇంకో విశేషం ఉంది. ఒకే రకం ప్రాసెసర్ కోర్‌ని జెడ్‌ఓఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఓఎస్) నడిపేలా కొంటే ఒక ధర, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్ ఓఎస్ మాత్రమే నడిపేలా ఐఎఫ్‌ఎల్ అన్న పేరుతో కొంటే చాలా తక్కువ ధర. సిలికాన్ ఒకటే, తేడా మైక్రోకోడ్‌లో (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో) పెట్టిన తాళంలోనే. పైగా ఐఎఫ్‌ఎల్ మీద జరిగే పని జెడ్‌ఓఎస్ బిల్లులోకి రాదు. కారణం మన సూత్రమే: జెడ్‌ఓఎస్‌కి వేరే ఇల్లు లేదు, లినక్స్‌కి ప్రపంచమంతా ఇళ్లే. కస్టమర్ వెళ్లిపోగల చోట ధర దిగుతుంది, వెళ్లలేని చోట నిలబడుతుంది.

సన్ మైక్రోసిస్టమ్స్ అనే సర్వర్ల కంపెనీ కథ రెండు ముక్కల్లో. సొంత స్పార్క్ యంత్రాలు అమ్ముకోవడానికి 2005లో తన ఓఎస్ సోలారిస్ 10ని ఉచితం చేసి, సపోర్ట్‌కి మాత్రం డబ్బు తీసుకుంది. 2010లో ఒరాకిల్ కొనేశాక సపోర్ట్ ఒప్పందం లేకుండా వాడుకునే తలుపు దాదాపు మూసేసింది.

ఇక మీకు అసలు పనికొచ్చేది, విండోస్ పద్ధతి.

మైక్రోసాఫ్ట్‌కి మొదట్లో సొంత యంత్రం లేదు. 1981 జూలైలో 50,000 డాలర్లకు ఒక ఓఎస్ హక్కులు కొని, ఐబీఎంకి లైసెన్స్ ఇచ్చి, ఇతరులకు అమ్ముకునే హక్కు తన దగ్గరే ఉంచుకుంది. ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీకి మూడు ఓఎస్‌లు ప్రకటించారు. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పీసీ డాస్ 40 డాలర్లు, దాని పోటీ ఓఎస్ సీపీఎం-86 దొరికేసరికి 240. యంత్రం అమ్మేవాడు రెండు ఓఎస్‌ల ధరల్ని ఇంత తేడాతో పక్కపక్కన పెడితే జనం దేన్ని తీసుకుంటారో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత మైక్రోసాఫ్ట్ తయారీదారులతో "ప్రాసెసర్‌కి ఇంత" అనే ఒప్పందాలు చేసుకుంది: ఫలానా ప్రాసెసర్ ఉన్న ప్రతి యంత్రానికీ, అందులో డాస్ ఉన్నా లేకపోయినా, రుసుము కట్టాలి. పోటీ ఓఎస్ పెడితే రెండు సార్లు చెల్లించినట్టే. 1994 జూలైలో ప్రభుత్వంతో జరిగిన ఒప్పందంతో ఇది ఆగింది. అయినా ధరల్ని ఆయుధంగా వాడటం ఆగలేదు. 1999 నవంబర్‌లో అమెరికా కోర్టు తేల్చిన వాస్తవాల్లో ఉంది ఇది: సొంత ఓఎస్, సొంత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న ఐబీఎంకి విండోస్ 95 లైసెన్స్ చేతికొచ్చింది 1995 ఆగస్టు 24న, ఆవిష్కరణ సభ మొదలవడానికి 15 నిమిషాల ముందు. ఇతర పెద్ద తయారీదారుల కన్నా ఐబీఎం ఎక్కువ రుసుము కూడా కట్టింది. అందుకే 2002 తీర్పులో, అతిపెద్ద 20 మంది తయారీదారులకు ఒకే రకం నిబంధనలు, వాళ్లందరికీ కనబడే ధరల పట్టిక ఉండాలని, ఎక్కువ సంఖ్యలో కొంటే తగ్గింపు ఉండొచ్చని రాశారు.

ఆ పట్టికలు మనకు చూపరు. 2018లో పత్రికల్లో వచ్చిన వివరాల ప్రకారం విండోస్ 10 హోమ్‌కి ఎంట్రీ, వాల్యూ, కోర్, కోర్ ప్లస్, అడ్వాన్స్‌డ్ అని ఐదు మెట్లు ఉండేవి. 25 డాలర్ల దగ్గర మొదలై 101 దాకా. ప్రాసెసర్ రకం, ర్యామ్, స్టోరేజీ, స్క్రీన్ బట్టి మెట్టు మారుతుంది. మెయిన్‌ఫ్రేమ్‌లో చూసిందే ఇక్కడా: ఓఎస్ ఒకటే, యంత్రం బలిసినకొద్దీ ధర పెరుగుతుంది.

ఈ మెట్లు యంత్రాల రూపురేఖల్నే మార్చేస్తాయి. 2008–2010 నాటి నెట్‌బుక్‌లు గుర్తున్నాయా? ఏ కంపెనీదైనా 10 అంగుళాల స్క్రీన్, 1 జీబీ ర్యామ్. లినక్స్‌తో మొదలైన ఆ చిన్న ల్యాప్‌టాప్‌ల మీదకి మైక్రోసాఫ్ట్ చవక ధరకి ఎక్స్‌పీ, తర్వాత విండోస్ 7 స్టార్టర్ ఇచ్చింది, కానీ స్క్రీన్, ర్యామ్ ఇంతకు మించకూడదన్న షరతుతో. రెండో జీబీ ర్యామ్ పెట్టడానికి తయారీదారుకి అయ్యే ఖర్చు ర్యామ్‌ది మాత్రమే కాదు, ఖరీదైన ఓఎస్ మెట్టు ఎక్కాల్సి వచ్చేది. ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లు ఉచిత ఓఎస్‌తో మార్కెట్ నింపేశాక, 2014 ఏప్రిల్ 2న 9 అంగుళాల లోపు పరికరాలకు విండోస్ లైసెన్స్ సున్నా అని ప్రకటించారు. పోటీ ఎంత దూరం దించగలదో అంత దూరమూ దిగింది.

అంచేత మీ రెండో కొటేషన్‌లో ఓఎస్ ధర కనబడకపోవడానికి కారణం ఇది: తయారీదారు కట్టేది రహస్య ఒప్పందం ధర, దాని మీద ప్రచార తగ్గింపులు, ముందే వేసి ఇచ్చే ట్రయల్ యాంటీవైరస్ వంటివాటి నుంచి వచ్చే డబ్బు. ఇవన్నీ పోగా నికరంగా ఓఎస్‌కి ఎంత పడిందో చాలాసార్లు డీలర్‌కి కూడా తెలియదు. విడిగా కొంటే అమెరికాలో విండోస్ 11 హోమ్ 139 డాలర్లు, ప్రో దాదాపు 200. ఫ్రేమ్‌వర్క్ లాంటి ల్యాప్‌టాప్ కంపెనీ ఆర్డర్ ఫారంలో ఓఎస్‌ని విడిగా ఎంచుకోమన్నప్పుడు చూపే ధర దాదాపు ఇదే. అది మీరు కట్టే ధర, పెద్ద తయారీదారు కట్టేది కాదు. ఈ రెండింటినీ కలిపేసుకుని "ల్యాప్‌టాప్‌లో పదివేలకు పైగా విండోస్‌కే పోతోంది" అనుకోవడం తప్పు.

విండోస్ వద్దు, ఆ డబ్బు వెనక్కివ్వమని అడగొచ్చా? లైసెన్స్ ఒప్పందంలో "అంగీకరించకపోతే తయారీదారు వాపసు పద్ధతి చూడండి" అని ఉంటుంది. ఆచరణలో చాలా కంపెనీలు మొత్తం యంత్రాన్నే వాపసు తీసుకుంటామంటాయి. 2016 సెప్టెంబర్‌లో యూరప్ న్యాయస్థానం, ఓఎస్‌తో కలిపి అమ్మడం దానంతట అది అన్యాయ వ్యాపారం కాదనీ, ఒక్కో సాఫ్ట్‌వేర్ ధర విడిగా చూపక్కర్లేదనీ చెప్పింది. ఇటలీలో ఒకాయన పట్టుబట్టి కోర్టుకెళ్లి గెలిచారు. విండోస్ కింద తిరిగొచ్చింది 42 యూరోలు. మీ 12 యంత్రాలకు ఆ దారి పట్టకండి. కొనేముందే తేల్చుకోండి.

మీ కొటేషన్ల మీద చేయాల్సిన పని

ముందు డాస్ ల్యాప్‌టాప్. విండోస్ మోడల్‌దీ డాస్ మోడల్‌దీ పూర్తి పార్ట్ నంబర్లు అడగండి, సిరీస్ పేరు చాలదు. రెండింటి మధ్య ఎస్‌ఎస్‌డీ, స్క్రీన్ రకం, కీబోర్డ్ లైటు, వారంటీ ఏళ్లు తేడా ఉంటే, మీరు చూస్తున్న తేడా ఓఎస్ ధర కాదు. అన్నీ ఒకటే అయితేనే ఆ తేడాని ఓఎస్ ధరగా తీసుకోండి. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిపి చూడండి. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోగలిగితే ఆ పన్ను మీకు ఖర్చు కాదు.

ఆ తేడా విడిగా దొరికే అసలు లైసెన్స్ ధర కన్నా తక్కువైతే, విండోస్ వాడేవాళ్లు డాస్ మోడల్ కొనడంలో అర్థం లేదు. దాదాపు ఎప్పుడూ తక్కువే ఉంటుంది. లినక్స్ వాడేవాళ్లకైతే డాస్ మోడలే సరైనది.

"డాస్ తీసుకోండి సార్, విండోస్ మేం వేసిస్తాం" అనే మాట సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి జిల్లా కేంద్రంలోని చిన్న షాపు దాకా వినిపిస్తుంది. అలా వేసేది చాలాసార్లు వాల్యూమ్ కీ (సంస్థలకి ఎక్కువ యంత్రాల కోసం ఒకేసారి ఇచ్చే లైసెన్స్ కీ) గానీ, యాక్టివేషన్‌ని మోసం చేసే ప్రోగ్రాం గానీ అయి ఉంటుంది. నెట్‌లో కొన్ని వందలకి దొరికే కీలూ ఎక్కువగా ఈ కోవలోవే. కొన్నాళ్లకి కీ ఆగిపోవడం చిన్న నష్టం. ఆ దొంగ యాక్టివేటర్ అడ్మిన్ హక్కులతో నడిచి, యాంటీవైరస్‌ని పక్కకి నెట్టి, మీ అకౌంట్స్ ఉన్న యంత్రంలో కూర్చోవడం పెద్ద నష్టం.

ఇక్కడ పెద్ద కంపెనీలు కూడా కాలేసే గుంట ఒకటుంది. వాల్యూమ్ లైసెన్సింగ్‌లో విండోస్ అప్‌గ్రేడ్ మాత్రమే. ముందు ఆ యంత్రానికి అర్హత ఉన్న అసలు ఓఎస్ లైసెన్స్ ఉండాలి. డాస్ ల్యాప్‌టాప్‌లు కొని, వాటి మీద వాల్యూమ్ లైసెన్స్ వేస్తే యాక్టివేషన్ చక్కగా జరిగిపోతుంది, ఆడిట్‌లో మాత్రం ఒక్కటీ చెల్లదు. అప్పుడు లైసెన్సులన్నీ మళ్లీ కొనాలి.

విండోస్ మోడల్ తీసుకుంటే, కొటేషన్‌లోనూ బిల్లులోనూ "విండోస్ 11 ప్రో, ఫ్యాక్టరీలో వేసినది" అని రాయించండి. 12 యంత్రాలకి హోమ్ వద్దనే నా సలహా: డొమైన్‌లో (ఆఫీసు ఉమ్మడి లాగిన్ నెట్‌వర్క్‌లో) చేర్చడం, గ్రూప్ పాలసీ (అన్ని యంత్రాలకీ ఒకే చోటి నుంచి నియమాలు పెట్టడం), డిస్క్‌ని తాళం వేసే బిట్‌లాకర్ మీద పూర్తి నియంత్రణ, రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆ యంత్రంలోకి రావడం, ఇవన్నీ ప్రోలోనే. హోమ్ కొని తర్వాత ప్రోకి మారితే అమెరికాలో 99 డాలర్లు. ఫ్యాక్టరీలోనే ప్రో వేయిస్తే తేడా తరచూ అంతకన్నా తక్కువ.

సరుకు వచ్చిన రోజే ప్రతి యంత్రంలో చూడండి. సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్‌లో డిజిటల్ లైసెన్స్ అని ఉండాలి. తర్వాత కమాండ్ విండో తెరిచి ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్, దానికి ఆనుకుని డీఎల్‌ఐ కొట్టండి. వచ్చే పెట్టెలో ఛానల్ పేరు ఉంటుంది. ఫ్యాక్టరీ లైసెన్స్ అయితే ఓఈఎం-డీఎం అని చూపాలి. మీరు డబ్బా కొని వేయించి ఉంటే రిటైల్. మీకు ఏ వాల్యూమ్ ఒప్పందమూ లేకుండా వాల్యూమ్, కేఎంఎస్, ఎంఏకే అన్న మాటలు కనబడితే బిల్లు చెల్లించకండి, ఆ తెరని ఫొటో తీసి డీలర్‌కి పంపండి.

విండోస్ 8 నుంచి ఫ్యాక్టరీ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ మార్చి విండోస్ మళ్లీ వేసినా అదే ఎడిషన్ అయితే కీ అడగకుండా యాక్టివేట్ అవుతుంది. మదర్‌బోర్డు పోతే మాత్రం కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే మార్పించండి, కొత్త బోర్డులోకి కీ ఎక్కించమని చెప్పండి. బయట సెకండ్ హ్యాండ్ బోర్డు వేయిస్తే లైసెన్స్ పాత బోర్డుతోనే పోతుంది.

మ్యాక్ కొటేషన్‌కి వస్తే, మీ ఆఫీసులో ట్యాలీ ఉందా? ట్యాలీప్రైమ్ నేరుగా మ్యాక్ మీద నడవదు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్లు కూడా మీ పోర్టళ్లకి మ్యాక్‌లో పనిచేస్తాయో లేదో ముందే పరీక్షించండి. ఇప్పటి మ్యాక్‌లలో విండోస్ కావాలంటే, మ్యాక్ లోపల విండోస్‌ని నడిపే ప్యారలల్స్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉండాలి (ప్యారలల్స్‌కి మైక్రోసాఫ్ట్ 2023 ఫిబ్రవరిలో అధికారికంగా ఒప్పుకుంది), దాని లోపల విండోస్ 11 ప్రో లైసెన్స్ విడిగా కొనాలి, అదీ పూర్తి రిటైల్ ధరకి. "ఓఎస్ ఉచితం" అన్న యంత్రం మీద రెండో ఓఎస్‌ని అత్యంత ఖరీదైన దారిలో కొన్నట్టవుతుంది. అకౌంట్స్ వాళ్లకి విండోస్, డిజైన్ వాళ్లకి మ్యాక్ అని విడదీయడం మేలు.

చివరగా, ఓఎస్ ధర కొన్న రోజుతో అయిపోదు, దాన్ని కూడా పట్టికలో వేయండి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్‌లో అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి ప్రాసెసర్ కావాలి. మారలేని యంత్రాలకి సంస్థలు భద్రతా అప్‌డేట్లు కొనుక్కోవాలి: యంత్రానికి మొదటి ఏడు 61 డాలర్లు, ఏటా రెట్టింపు, మూడేళ్లకి మొత్తం 427. పాత యంత్రాన్ని ఉంచుకోవడం కన్నా కొత్తది కొనడమే నయమనిపించేలా పెట్టిన ధర అది. ఆపిల్ ఇలాంటి రుసుము అడగదు, పాత మోడల్‌ని కొత్త వెర్షన్ జాబితాలోంచి తీసేస్తుంది. 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టహో ఇంటెల్ మ్యాక్‌లకు ఆఖరిది. అందుకే పాత స్టాక్ ఇంటెల్ మ్యాక్ గానీ, ఏడో తరం ప్రాసెసర్ ఉన్న రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ గానీ ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి.

ఒక్కో కొటేషన్ కింద ఐదు వరుసలు గీయండి: యంత్రం ధర, ఓఎస్ కోసం విడిగా పెట్టేది, మీ సాఫ్ట్‌వేర్ నడవడానికి అదనంగా కొనేది, ఐదేళ్లలో ఓఎస్ కొనసాగింపు ఖర్చు, ఐదేళ్ల తర్వాత అమ్మితే వచ్చేది. మూడు పార్ట్ నంబర్లూ, మీరు వాడే సాఫ్ట్‌వేర్ పేర్లూ ఇస్తే ఆ వరుసల్లో ఏ అంకెలు వేయాలో చెప్తాను.